అల్లుడి చాకిరీ

నాయకుల తెలుగును కోయభాషలోకి మార్చి చెప్పడం రామక్కకు ఇది మూడోసారి. చర్ల అవతల ఆ గూడెంలో రెండు భాషలూ తడబడకుండా మాట్లాడేది అంగన్‌వాడీ ఆయా అయిన ఆమె ఒక్కతే. పోయిన ఎన్నికల్లో ఒకాయన "నేను పులిని" అని రొమ్ము విరుచుకున్నాడు. లేగదూడల్ని పోగొట్టుకున్నవాళ్లు పులికి ఓటెందుకేస్తారు? పాపమని "ధైర్యమున్నోడు" అని సర్దేసింది.

ఈ రెండువేల నాలుగు ఎండాకాలంలో మాత్రం ఆమెకు ఎవరిమీదా జాలి లేదు. గూడెంవాళ్లు సగం తవ్విన బావి మట్టి కూలి పూడిపోయింది. పిల్లలకు వండాలంటే రోజూ ఎనిమిది బిందెలు వాగు చెలమ నుంచి మోయాలి. మెడ పట్టేసింది. బావిలో నీళ్లు పడాలి, అంతకుమించి ఆమెకు ఏ కోరికా లేదు.

అప్పుడొచ్చాడు సారంగపాణి, ఓట్లడగడానికి. నలగని తెల్లచొక్కా, వెనక ఇరవైమంది.

"నన్ను పరాయోడనుకోకుండ్రి. నేను మీ ఇంటి అల్లుణ్ణి!" అన్నాడు మైకులో. నాయకులకు చుట్టరికాలు ఎన్నికలప్పుడే గుర్తొస్తాయి.

ఆయన ఊళ్లో అల్లుడంటే పీటేసి గారెలు వడ్డిస్తారు. గూడెంలో పిల్లనడిగినవాడు ముందు మామ ఇంట్లో చాకిరీ చేసి చూపించాలి. "చుట్టం" అని మార్చబోయిన రామక్కకు మెడ కలుక్కుమంది. ఉన్నది ఉన్నట్టే చెప్పేసింది.

గూడెమంతా ఘొల్లున నవ్వింది. పెద్దమనిషి జంపయ్య ఇంట్లోంచి పార తెచ్చి సారంగపాణి చేతిలో పెట్టాడు.

"గిదేంది?"

"అల్లుడన్నరు గద సారూ," అంది రామక్క. "మా దగ్గర అల్లుడు ముందుగాల పని చెయ్యాలె. బావి గా పక్కకే ఉన్నది."

అన్నమాట మింగలేడు, కక్కలేడు. సారంగపాణి చొక్కా విప్పి దిగాడు. ఆయనే దిగాక వెనకవాళ్లు గట్టుమీద నిలబడతారా? డోలు మోగింది. ఆడామగా మట్టి తట్టలందుకున్నారు.

"నేను గూడ మా ఊరు తల్లాడల మట్టి మోసినోణ్ణే!" అని బావిలోంచి అరిచాడాయన. ఎవరూ పిలవకపోయినా మర్నాడూ వచ్చాడు. మూడోరోజు సాయంత్రం ఊట ఆయన మడమల్ని తాకింది. రామక్క మొదటి బిందెను తాగకుండా నెత్తిన కుమ్మరించుకుని చిన్నపిల్లలా గెంతింది. అంత సంతోషం ఆమె ఎన్నడూ ఎరగదు.

ఒళ్లంతా బురదతో పైకొచ్చిన సారంగపాణి అడిగాడు: "రామక్కా, ఇగ పిల్లనిచ్చినట్టేనా? ఓట్లు నాకేనా?"

ఆమె కోయలో చెప్పింది. జంపయ్య ముసిముసిగా నవ్వి ఏదో అన్నాడు. దాన్నీ ఉన్నది ఉన్నట్టే తెలుగు చేసింది.

"అల్లుడు మంచోడే అంటున్నడు సారూ. చాకిరీ మాకు నచ్చింది. గని పిల్లకు గూడ నచ్చాలె గద! ఆమె మనసుల ఏమున్నదో ఓట్లు లెక్కపెట్టిననాడు తెలుస్తది."