మూల ఇంటి వాటా

చెరువు ఒడ్డున ఉన్న ఇళ్ళన్నిటిలోకీ పల్లంలో ఉన్నది కుట్టుపనావిడ ఇల్లు. మూల స్థలం కావడంతో ఒడ్డు పొడవు ఆమెదే ఎక్కువ. ఖర్చులు ఒడ్డు పొడవుని బట్టే పంచుతారు కాబట్టి తూము ఖర్చులో పెద్ద వాటా ఆమె నెత్తినే పడింది. ఎండలకి నీళ్ళు తగ్గి ఎగువవాళ్ళ పడవలు బురదలో కూరుకుపోతుంటే, ఇళ్ళవాళ్ళ సంఘం నీళ్ళు బయటికి పోకుండా తూముకి అడ్డంగా ఇంకో పలక బిగించి నీటిమట్టం పెంచింది. వారం తిరక్కుండానే ఆమె కుట్టుగదిలో చీలమండల దాకా నీళ్ళు నిలిచాయి. తన డబ్బుతో తన కొంపే ముంచుకున్నట్టయింది.

సమావేశంలో ఆమె లేచి నిలబడింది. "ఆ ఒక్క పలకా తీయించండి బాబూ. నీళ్ళల్లో కాళ్ళు పెట్టుకుని కుడుతున్నాను" అని బతిమాలింది.

"నీ ఒక్కదానికోసం అందరి పడవలూ బురదలో దించమంటావా అమ్మా?" అన్నాడు సంఘం పెద్ద. "పలక ఉండాలనేవాళ్ళు చేతులెత్తండి."

చేతులు లేచాయి. పక్కింట్లో ఉండే సొంత చెల్లెలి చెయ్యి కూడా, కాస్త ఆలస్యంగానైనా, లేచింది.

సాయంత్రం చెల్లెలు చీపురు పట్టుకుని వచ్చింది. "ఏమనుకోకక్కా. మీ మరిది పడవ నడిస్తేనే కదా మా ఇంట్లో పొయ్యి వెలిగేది."

అది అబద్ధమూ కాదు. అక్క ఇంకో చీపురు అందుకుంది. ఇద్దరూ నడుం వంచి నీళ్ళని గడప అవతలికి ఊడ్చారు. చీకటి పడేలోగా నేల మళ్ళీ చెమ్మగిల్లింది.

"రేపు కూడా వస్తాలే."

"ఎన్నాళ్ళని ఊడుస్తావు? అమ్ముకుని పోదామన్నా ఈ తడి కొంపని ఎవరు కొంటారే?" అంది అక్క.

చెల్లెలు చీపురు గోడకి ఆనించి వెళ్ళిపోయింది.