మలుపులో గేటు

స్వాధీనం లారీ నాలుగింటికల్లా అక్కడుంటుందని పై అధికారి ఫోనులో చెప్పగానే రోడ్ల ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు. మూడూ ఐదు. ఎదురుగా, వీధి మలుపులో, పద్నాలుగు అడుగుల ఇనుప గేటు రోడ్డును సగం మేర ఆక్రమించి వెల్లకిలా పడి ఉంది. దాని మీద వంగి, ముసుగు మొహానికి దించుకుని, వచ్చే బండ్లకు వీపు చూపిస్తూ వెల్డింగు చేస్తున్న మనిషి అతని సొంత బావ.

మొదటి రెండు నోటీసులూ పాత ఇన్‌స్పెక్టరు ఇచ్చి వెళ్లాడు. బావ ఒకదాన్ని షాపు గోడకు అంటించుకున్నాడు, రెండోదానితో చేతులు తుడుచుకున్నాడు. మూడోది ఇప్పుడు బామ్మర్ది చేతిలోని ఫైల్లో ఉంది. లారీ వచ్చేలోగా రోడ్డు ఖాళీ అయితే సరే. లేకపోతే గేటు, వెల్డింగు మిషను లారీ ఎక్కుతాయి, కోర్టులో కేసు పడుతుంది, షాపు లైసెన్సు రద్దవుతుంది. ఇరవై రెండేళ్ల షాపు. అందులో వచ్చే సంపాదనతోనే ఇన్‌స్పెక్టరు చదువుకున్నాడు.

"బావా!"

నిప్పురవ్వలు ఆగలేదు. ఇనుము కొట్టీ కొట్టీ బావ చెవులు ఎప్పుడో సగం పోయాయి. వెళ్లి భుజం తట్టాడు. ముసుగు పైకి లేచింది.

"ఓహో, దొరగారు! అక్కను చూడ్డానికా, డ్యూటీ మీదా?"

"డ్యూటీయే. నోటీసు ఇవ్వడానికి."

"ఇలా ఇవ్వు. చేతులు జిడ్డుగా ఉన్నాయి."

"నవ్వులాట కాదు బావా. ఇదే ఆఖరిది. గంటలో రోడ్డు ఖాళీ చెయ్యాలి."

"సగం రోడ్డు వదిలాను కదరా! బండి పోతోంది, మనిషి పోతున్నాడు. అడ్డం ఎక్కడుంది?"

"చట్టానికి సగం లెక్కలు తెలియవు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా జనానిదే. పక్కన ఎంత దారి మిగిలినా, దారిలో వస్తువు పెట్టడమే తప్పు."

"నా షాపు లోతు పదడుగులు, గేటు పద్నాలుగు. మిగతా నాలుగడుగులూ నీ నెత్తిన పెట్టనా? పక్కకు జరిగే గేటు ఇది, ఒకటే రెక్క. నాలుగు మూలలూ ఒక్కసారే నేల మీద పరిస్తేనే సరిగ్గా వస్తుంది. ఈ చుట్టుపక్కల చదునైన నేల రోడ్డొక్కటే. వేసింది మీ ఆఫీసేగా! మీ పని మీద నాకంత నమ్మకం." బావ నవ్వి, గొంతు తగ్గించాడు. "సర్లేగానీ, ఎవడ్రా రాసింది? ఎదురుగా ఉన్న టైలరేనా?"

"ఫిర్యాదు చేసినవాళ్ల పేరు చెప్పకూడదు," అంటూ ఇన్‌స్పెక్టరు మొదటిసారి ఫైలు తెరిచాడు.

గుండ్రంగా, ఒత్తి ఒత్తి రాసిన అక్షరాలు. చిన్నప్పుడు తన చెయ్యి పట్టుకుని పలక మీద దిద్దించిన అక్షరాలు. ఠక్కున ఫైలు మూసేశాడు.

"ఏంట్రా, మొహం అలా పాలిపోయింది?"

"వాణ్ణి సతాయించకండి," అంది అక్క, షాపు గుమ్మంలోంచి. "రాసింది నేనే."

బావ గుమ్మం వైపు తిరిగాడు. "నువ్వా? నా మీదా?"

"నోటితో వందసార్లు చెప్పాను. మీ చెవికెక్కలేదు. అందుకే రాసిచ్చాను." తమ్ముడి వైపు తిరిగింది. "పోయిన గురువారం ఈ మలుపు తిరుగుతూ ఒక లారీ మీ బావ కూర్చునే స్టూలును ఈడ్చుకుపోయిందిరా. అప్పుడే మంచినీళ్లకని లేచి లోపలికొచ్చారు కాబట్టి సరిపోయింది. తిరిగెళ్లి, 'ఏమే, నా స్టూలేదీ?' అని నన్నడుగుతారు! అంత లారీ చప్పుడూ వినపడలేదు ఈ మనిషికి."

"స్టూలే కదే పోయింది."

"ఈసారి స్టూలే మిగులుతుంది."

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. బావ చూపు తిప్పుకున్నాడు.

"ఇది మూడో నోటీసక్కా. షాపే పోతుంది," అన్నాడు తమ్ముడు.

"తెలిసే రాశాను. షాపు పోతే ఇంకోటి పెట్టుకుంటాం."

"ఏమైనా సరే, చేతిలో పని సగంలో తియ్యను," అని బావ మళ్లీ ముసుగు దించాడు. "రానీ మీ లారీని."

మూడూ ఇరవై ఐదు. చట్టం పని చెయ్యలేదు. అక్క కన్నీళ్లూ పని చెయ్యలేదు. ఈ మొండిఘటం లోకంలో భయపడేది ఒక్కదానికే: తను చేసిన గేటుకు ఎవరైనా వంక పెడతారేమోనని. ఇన్‌స్పెక్టరు గేటు కేసి చూశాడు. తర్వాత గేటు కింది రోడ్డు చూశాడు. వంగి మళ్లీ చూశాడు.

"అక్కా, దారం పట్రా. గట్టిది."

ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఒక దారం, మిగిలిన రెండు మూలలకూ ఇంకోటి, బిగించి కట్టాడు. "గేటు సమంగా ఉంటే ఈ రెండూ మధ్యలో తాకాలి కదా బావా?"

"తాకుతాయి. మూలమూలకూ టేపు పెట్టి కొలిచాను, వెంట్రుకంత తేడా లేదు."

"కొలత తప్పని నేననలేదు. నీ వేలు పెట్టి చూడు."

బావ వేలు పెట్టాడు. రెండు దారాల మధ్య వేలు సులువుగా దూరింది.

"మలుపులో బండ్లు జారిపోకుండా బయటి అంచు ఎత్తు చేస్తాం," అన్నాడు బామ్మర్ది. "తిన్నటి రోడ్డుకు వాలు ఒకటి, మలుపుకు ఇంకొకటి. నువ్వు సరిగ్గా ఆ వాలు మారే చోటే గేటు పరిచావు. ఒక మూల పైకి లేచింది. నువ్వేమో నేలను నమ్మి అతికించేశావు. ఇది మెలికపడ్డ గేటు."

బావ రోడ్డు మీదే చతికిలబడ్డాడు. "అంటే... ఇన్నేళ్లుగా..."

"గేటు సరిగ్గా కూర్చోని ప్రతిచోటా, గోడ కట్టినవాడికి కళ్లు లేవని తిట్టేవారుగా," అంది అక్క. "పాపం, ఎంతమంది మేస్త్రీలకు పొలమారిందో!"

బావ లేచాడు. మూడూ ముప్ఫై ఐదు. గ్రైండరు అందుకుని అతుకుల మీద పెట్టాడు. "మెలిక గేటు ఒక్క నిమిషం కూడా నా షాపు ముందు ఉండటానికి వీల్లేదు. చూస్తావేంట్రా, పట్టు!"

ఇన్‌స్పెక్టరు ఫైలు అక్క చేతిలో పెట్టి గేటు పట్టుకున్నాడు. అడ్డ కడ్డీలు షాపులోకి తేలిగ్గానే వెళ్లాయి. పద్నాలుగడుగుల గొట్టాలు రెండూ వెళ్లలేదు. వెనక గోడకు తగిలి, నాలుగడుగులు ఇంకా రోడ్డు మీదే నిక్కాయి. మూడూ యాభై ఎనిమిది.

"అది కూడా అడ్డమేనా?"

"జానెడు ఉన్నా అడ్డమే బావా."

అక్క ఫైలు పక్కన పెట్టింది. షాపుకూ దాని వెనకే ఉన్న ఇంటి ముందుగదికీ మధ్య ఉన్న తలుపు తెరిచి, మంచాన్ని పక్కకు లాగింది. గొట్టాలు గుమ్మం దాటి, పరుపు పక్కగా వెళ్లి ఆగాయి.

లారీ వచ్చేసరికి ఆమె రోడ్డు మీద ఇనుప రజను ఊడుస్తోంది. డ్రైవరు తల బయటపెట్టి, ఇన్‌స్పెక్టరు చొక్కా మీది మసి చూశాడు. "గేటేది సార్?"

"సొంతదారే తీసేశారు, గడువులోగా," అని ఇన్‌స్పెక్టరు ఆ మాటే రిపోర్టులో రాసి సంతకం పెట్టాడు. లారీ ఖాళీగా మలుపు తిరిగి వెళ్లిపోయింది.

లోపలికి వెళ్లేసరికి బావ ముందుగదిలో టేపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. షాపు పదీ గది ఎనిమిదీ కలిపి పద్ధెనిమిది అడుగులు. మధ్య గోడ వైపు, పెళ్లాం వైపు మార్చి మార్చి చూస్తున్నాడు. అడగడానికి నోరు రావడం లేదు.

"పడగొట్టండి," అంది ఆమె.

"నీ గదే ఇది!"

ఆమె దగ్గరికెళ్లి, వినపడే చెవి పక్కన గట్టిగా చెప్పింది. "మంచం వంటింట్లో వేసుకుందాం. మీరు మాత్రం లోపలుండండి. రేపు వీడొచ్చి నేల చదును చేయిస్తాడు."

"రేపు సెలవు పెట్టాలే," అన్నాడు తమ్ముడు.

బావ గోడ మీద సుద్దతో గీత గీశాడు. వెనక్కి వచ్చి చూసి, వంకరగా ఉందని చెరిపేసి, నేలను నమ్మకుండా ఈసారి దారం పట్టుకున్నాడు.