డెబ్బై రెండు మోడల్

గోనెపట్టా మీద రెండు పాత కార్బురేటర్లు పక్కపక్కన పెట్టుకుని, లాజరస్ మేస్త్రీ వాటిని మూడోసారి కిరసనాయిలుతో తోముతున్నాడు. గూడూరు ఎండకు షెడ్డు రేకులు అప్పుడే కాలుతున్నాయి. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఎడమ భుజం లాగుతోంది. లాగనీలే అనుకున్నాడు. అరవై ఏడేళ్ల ఒళ్లు, ఏదో ఒకటి లాగుతూనే ఉంటుంది.

ఎదురుగా నిమ్మకాయల వ్యాపారి నరేంద్రబాబు తెల్ల అంబాసిడర్ బానెట్ ఎత్తుకుని నిలబడింది. దాన్ని కొనడానికి మద్రాసు నుంచి జయకుమార్ అనే ఆయన వచ్చాడు. పాతకార్లు పోగుచేసే పిచ్చి. ఏ ఏడాది కారుకు ఆ ఏడాది సామానే ఉండాలంటాడు. ఇంజనునూ సెల్‌ఫోన్లో ఫొటోనూ పోల్చుకుంటూ వచ్చి, కార్బురేటర్ దగ్గర ఆగిపోయాడు. కారు డెబ్బై రెండు మోడల్, ఇది ఎనభై నాలుగుది అన్నాడు.

నిజమే. డెబ్బై రెండు కార్బురేటర్లో చిన్న పిస్టన్ లేచి దిగుతూ పెట్రోలు తీస్తుంది. ఎనభై నాలుగుదాంట్లో పిస్టనే లేదు, అంతా సన్నని రంధ్రాల జెట్లు. ఒకదాని చోట ఒకటి కూర్చోదు. కూర్చోబెట్టింది లాజరస్. పిస్టన్ అరిగిపోయి కారు మాటిమాటికీ రోడ్డు మీద నిలిచిపోతుంటే, ఏదో ఒకటి మార్చి పడెయ్ అన్నది నరేంద్రబాబే. రెండు రోజులు ఆకురాయితో అల్యూమినియం ప్లేటు రుద్ది, ఇంజనుకూ కార్బురేటర్‌కూ మధ్యలో పెట్టి బిగించాడు. ఇరవై ఆరేళ్లు ఆ కారు ఎక్కడా ఆగలేదు. లాజరస్ చేసినవాటిలో గొప్పగా చెప్పుకోదగిన పని అదొక్కటే. అదీ ఎవరికీ చెప్పుకోలేదు.

"ఒరిజినల్ ఎవరో కాజేసి, చవకది తగిలించినారు సార్," అన్నాడు జయకుమార్, మేస్త్రీ వైపు చూడకుండానే.

లాజరస్ నరేంద్రబాబు వైపు చూశాడు. నేనే మార్చమన్నాను అని ఒక్కమాట అంటే చాలు. బేరం ఎక్కడ చెడుతుందో అని నరేంద్రబాబు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ రోడ్డు మీద పోయే ట్రాక్టరును చూశాడు.

ఇక మిగిలింది పనే. గోనెపట్టా మీది పాతవి రెండు, డెబ్బై రెండుదీ డెబ్బై ఆరుదీ, కవలపిల్లల్లా ఉంటాయి. తేడా అంతా లోపలి సూది మందంలోనే. రెండు సూదులూ లాగి, వేళ్ల మధ్య దొర్లించి చూసి, మళ్లీ బిగించి, డెబ్బై రెండుదాన్ని చేతికిచ్చాడు. జయకుమార్ దాని మీది అక్షరాలు ఫొటోతో సరిచూసుకుని తల ఊపాడు.

కొత్తగా బిగించిన పాతదానితో కారు దగ్గింది, వణికింది, రెండుసార్లు ఆగిపోయింది. జయకుమార్‌కు అది చాలు. నడిపే ఉద్దేశం ఎటూ లేదు. మధ్యాహ్నానికి దాన్ని లారీ మీదికి ఎక్కించి తీసుకుపోయాడు.

అన్నం తెచ్చిన భార్య డెబోరా బల్ల మీద క్యారియర్ పెట్టింది. లాజరస్ బెంచీ మీద నడుం వాల్చాడు.

"ఈ పొద్దు నన్ను దొంగను చేసినారు డెబోరా. తర్వాత తింటాలే."

ఆమె బిందెతో నీళ్లు పట్టుకొచ్చేసరికి బెంచీ మీదే ప్రాణం పోయింది.

కబురు తెలిసి నరేంద్రబాబు వచ్చేటప్పటికి, ఇంటికి తీసుకుపోవడానికి ఆటో కోసం మనుషులు పోయారు. ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"నేనే మార్చమన్నానమ్మా. మేస్త్రీ తప్పేం లేదు."

"ఆ మాట పొద్దన చెప్పుంటే రెండు ముద్దలు తినుండేవాడయ్యా," అంది డెబోరా.

ఆటో వచ్చింది. అందరూ తలా ఒక చెయ్యి వేశారు. నరేంద్రబాబు ఒక్కడే షెడ్డులో మిగిలాడు. బల్ల మీద క్యారియర్, గొళ్లెం తియ్యకుండా, అడుగు గిన్నె ఇంకా వెచ్చగానే ఉంది.