ఆరో సీసా

నేను ఒక చేతి మైకును. వెడల్పాటి నోరు, పిడి పక్కన మూడు బటన్లు, మెడలో వేసుకోవడానికి ఒక పట్టీ. ఇంతే నా ఆస్తి. ఢిల్లీ శివార్లలో ఏదో రేకుల షెడ్డులో నన్ను బిగించినవాడు పని చేస్తున్నానో లేదో చూడడానికి "హలో, హలో" అన్నాడు. మనుషులు నా చేత పలికించిన మాటల్లో అబద్ధం లేనివి ఆ రెండే అని చాలాకాలం అనుకునేదాన్ని.

మొదట ఒక హైస్కూలు ఆటల సారు నన్ను కొన్నాడు. ఆరేళ్లపాటు "సీదా నిలవడుండ్రి!" అన్న ఒక్క మాటే పలికాను. పిల్లలు ఒక్కనాడూ సీదాగా నిలబడలేదు. తరువాత సర్పంచి ఎన్నికల్లో పోటీ చేసినాయన చేతికి వచ్చాను. ఆయన నాలోకి ఊదిన వాగ్దానాలకు అంతు లేదు. ఓడిపోయాక నన్ను వసారాలో ఒక మూలన పడేశాడు. ఉల్లిగడ్డలు అమ్మడానికి ఆ ఇంటికి వచ్చిన లసుమవ్వ "ఊకె పడున్నది గదా, నాకియ్యరాదు?" అంటే, పీడ పోయిందన్నట్టు ఇచ్చేశాడు.

లసుమవ్వకు యాభై దాటాయి. ట్రాలీ ఆటో తానే నడుపుతుంది. వచ్చిన మొదటి రోజే నాలో తన గొంతు రికార్డు చేసింది: "ఉల్లిగడ్డలోయ్ ఉల్లిగడ్డలు! ఎండిన గడ్డలు, తెల్లటి ఎల్లిపాయలు!" ఆమె నోరు మూసుకుని బండి నడుపుతుంటే, ఆమె గొంతుతో నేను ఊరూరా అరిచేదాన్ని. మధ్యాహ్నానికి ఆటో సిరికొండపేట బస్టాండు ఎదుట, సుదర్శనం మందుల దుకాణం నీడలో ఆగేది.

సుదర్శనం గొంతు నాకు పూర్తిగా వ్యతిరేకం. ఏ గోళీ ఎప్పుడు వేసుకోవాలో ఆయన చెబుతుంటే, కొనేవాళ్లు కౌంటరు మీదికి వంగి వినాల్సిందే. జనానికి అదీ నచ్చేది. తమ రోగం సంగతి పక్కనున్నవాడి చెవిన పడదు కదా! ఇరవై ఏళ్లుగా ఆయన ఎవరి మీదా గొంతు పెంచలేదని చెప్పుకునేవారు.

ఆ ఏడు వానలు పట్టుకున్నాయి. ఇంటింటా తుమ్ములే. ఒక గురువారం ఆయన ఫోనుకు జిల్లా మందుల తనిఖీ ఆఫీసు నుంచి వార్త వచ్చింది. పిల్లల సర్ది మందు ఒకదానిలో, ఒకే ఒక్క బ్యాచిలో, ఉండకూడని రసాయనం కలిసిందట. తాగిన పిల్లలకు మూత్రం బందయి ప్రాణం మీదికి రావచ్చు. వెంటనే అమ్మకం ఆపి, అమ్మినవి వాపసు తీసుకోవాలి.

సుదర్శనం అరలో చూశాడు. అదే బ్యాచి. ఇరవై సీసాలు వచ్చాయి, పద్నాలుగు ఉన్నాయి. ఆరు లేవు. డాక్టరు చీటీ లేకుండా అమ్మే మందు కనుక ఎవరికి ఇచ్చాడో రాసుకోలేదు. దుకాణానికి మందులు వేసే ఏజెంటుకు ఫోన్ చేస్తే అతను ఒకటే మాట అన్నాడు: "ఉన్నయి వాపసు పంపు సార్. పోయినయి మర్చిపో. దండోరా ఏస్తివా, నీ దుకాణం మీద ఈగ గూడ వాలది."

ఫోను పెట్టేసి ఆయన ఆ పద్నాలుగు సీసాలనూ అట్టపెట్టెలో పెట్టి కట్టేశాడు. తరువాత చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో దగ్గరికి వచ్చాడు.

"లసుమక్కా, నీ మైకు ఇయ్యవా?"

"మైకెందుకు సారూ? మందులు గూడ బండి మీద అమ్ముతరా ఏంది?"

"అమ్ముడు గాదక్కా. వాపసు తీసుకునుడు."

సంగతంతా విన్నాక లసుమవ్వ ఉల్లిగడ్డల మీద పట్టా కప్పింది. "ఎక్కుండ్రి" అంది.

మొదటి వాడలో సుదర్శనం నన్ను నోటి దగ్గర పెట్టుకున్నాడు. "గౌరవనీయులైన గ్రామ ప్రజలకు విజ్ఞప్తి. బ్యాచి నంబరు..." అని మొదలుపెట్టాడు. నాలో నుంచి వచ్చినా ఆ గొంతు గొంతులా లేదు, ఎవరో దుప్పటి కింద గొణిగినట్టుంది. ఒక కుక్క మాత్రం చెవులు రిక్కించింది. లసుమవ్వ ఓపిక పట్టలేక నన్ను లాక్కుంది.

"ఓ అక్కల్లారా! సుదర్శనం సార్ దుకాణంల పిల్లల సర్ది మందు కొన్నరా? తెల్ల సీసా, ఎర్ర మూత! తాపకుండ్రి! పట్టుకొని ఉరికి రాండ్రి!"

జనం నిజంగానే ఉరికి వచ్చారు. అయితే మనుషులకు ఒక మాట చెబితే పది వినబడతాయి. సగం వాడిన జండుబామ్ ఒకరు, ఎప్పటిదో టానిక్కు ఒకరు తెచ్చారు. ఒక ముసలాయన బర్రెకు తాపే పురుగుల మందు సీసా ఎత్తి పట్టుకుని "ఇది గూడ వాపసు తీస్కుంటరా? బర్రె ఉమ్మేస్తున్నది" అన్నాడు. సుదర్శనం అందరికీ దండం పెడుతూ, ఆ గుంపులో నుంచి ఎర్ర మూతలు ఏరుకున్నాడు. మూడు వాడలు తిరిగేసరికి అయిదు దొరికాయి. రెండింటికి సీలు కూడా తీయలేదు. మిగతా మూడింటిలో నుంచి పదేళ్లు దాటిన పిల్లలకు ఒక్కొక్క చెంచా పోశారు, వాళ్లు ఎదురుగానే గోలీలాడుతున్నారు. అయినా వాళ్లను కూడా దవాఖానకు పంపించాడు.

ఆరోది రాలేదు.

ఆయన కళ్లు మూసుకుని ఆలోచించాడు. "మొకం యాదికొస్తలేదక్కా. చెయ్యి యాదికున్నది. వేలికి బీడీల దారం ఉండె. సంకల చిన్న పిల్లగాడు."

బీడీలు చుట్టేవాళ్ల వాడలో ఆటో ఆగగానే లసుమవ్వ మళ్లీ మొదలుపెట్టింది. ఆడవాళ్లు చేటలు పక్కన పెట్టి చుట్టూ చేరారు. ఒకామె మూల ఇంటి వైపు చూపించింది. "జమున గిప్పటిదాక అరుగు మీదనే ఉండె. మీ మైకు వినంగనే లోపటికి వోయి గడె వెట్టుకున్నది."

లసుమవ్వ నన్ను ఆ తలుపుకు ఆనించినంత పని చేసింది. "ఓ పిల్లా! తలుపు తియ్! అది మందు గాదు, విషం!"

లోపల నుంచి ఏడుపు వినిపించింది. తలుపు తెరుచుకోలేదు. లసుమవ్వ ఇంకా గట్టిగా అరిచింది. ఏడుపు ఇంకా లోపలికి పోయింది. నా జీవితంలో మొదటిసారి నా గొంతంటే నాకే సిగ్గేసింది.

సుదర్శనం నన్ను ఆమె చేతిలో నుంచి మెల్లగా తీసుకుని బటన్ ఆపేశాడు. నన్ను ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చున్నాడు. దుకాణంలో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"బిడ్డా, నేను సుదర్శనాన్ని. తప్పు నీది గాదు. పిల్లగానికి ఎన్నేండ్లని అడగకుండ సీసా ఇచ్చింది నేను. నిన్ను ఎవ్వరన్న ఏమన్న అంటే, నా పేరు చెప్పు. ఎన్ని చెంచాలు తాపినవ్?"

లోపల ఏడుపు ఆగింది. ఆ తరువాత తలుపుకు అవతల, చెవి ఆనించి ఉంటే తప్ప వినబడనంత సన్నగా ఒక గొంతు: "రెండు సార్. రాత్రొకటి, పొద్దున్నొకటి. మా అత్తకు తెలిస్తే నేనే విషం పోసిన్నంటది."

"మీ అత్తతోని నేను మాట్లాడుత. ముందుగాల పిల్లగాన్ని తీస్కరా."

గడె తీసిన చప్పుడయింది.

ఏడాదిన్నర పిల్లవాణ్ణి ఉల్లిగడ్డల బస్తాల మధ్య కూర్చోబెట్టుకుని సర్కారు దవాఖానకు వెళ్లాం. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. కళ్లు, పొట్ట చూసి, రక్తం తీయించి, "పొద్దటి నుంచి మూత్రం పోసిండా?" అని అడిగింది. జమునకు గుర్తులేదు. కళ్లనీళ్లు పెట్టుకుంది. "కొంచెం కొంచెం నీళ్లు తాపుండ్రి, చూద్దాం" అంది డాక్టరమ్మ.

బెంచీ మీద ముగ్గురు పెద్దవాళ్లు ఒక పసివాడి చెడ్డీ వైపే కన్నార్పకుండా చూస్తూ కూర్చున్నారు. పావుగంట. అరగంట. జమున చేతులు నొప్పెడుతున్నాయేమోనని సుదర్శనం వాణ్ణి తన ఒళ్లోకి తీసుకున్నాడు. వాడు ఆయన జేబులోని పెన్ను లాగి, నోట్లో పెట్టుకుని, నవ్వి, ఆ తెల్ల చొక్కా మీద ధారగా పోశాడు.

"పోసిండు!" అని అరిచింది లసుమవ్వ. నా అవసరమే రాలేదు. ఆ గొంతుకు దవాఖాన మొత్తం లేచి నిలబడింది. జమున ఏడుస్తూ నవ్వింది. తడిసిన చొక్కాను సుదర్శనం ఎవరో శాలువా కప్పినట్టు చూసుకున్నాడు. మర్నాడు వచ్చిన రక్తపరీక్ష కూడా బాగుందనే చెప్పింది. ఆయన అన్నట్టే జమున అత్త దగ్గరికి వెళ్లి, సంగతంతా తన మీదే వేసుకుని వచ్చాడు. ఆమె నాలుగు మాటలు అంది, తరువాత చాయ్ పోసింది.

నా కథలో ఒక పొరపాటు మిగిలింది. ఆ హడావిడిలో లసుమవ్వ వేలు రికార్డు బటన్ మీద పడి, పాత కేకలో సగం చెరిగి కొత్తది ఎక్కింది. మర్నాడు పక్క ఊళ్లో నేను "ఉల్లిగడ్డలోయ్ ఉల్లిగడ్డలు! తాపకుండ్రి! పట్టుకొని ఉరికి రాండ్రి!" అని అరిచాను. ఇద్దరు ఆడవాళ్లు ముందురోజు కొన్న గడ్డలు వాపసు తెచ్చారు. లసుమవ్వ కొత్త మైకు కొనుక్కుని నన్ను సుదర్శనానికి ఇచ్చేసింది.

ఇప్పుడు నేను మందుల దుకాణంలో, పై అరలో ఉంటాను. ఏజెంటు చెప్పిన ఈగలు ఒక వారం నిజంగానే రాలేదు. తరువాత జనం మామూలుగా వచ్చారు. సుదర్శనం ఇప్పుడు సర్ది మందుకు కూడా పేరు, ఫోన్ నంబరు రాసుకుంటున్నాడు. "తుమ్ముకు గూడ ఆధార్ కార్డు కావాల్నా సార్?" అని ఎగతాళి చేస్తారు. ఆయన నవ్వి రాసుకుంటూనే ఉంటాడు.

మొన్న ఒక లారీ డ్రైవరు వచ్చాడు. రెండేళ్ల కూతురికి సర్ది, మందు ఇమ్మన్నాడు. అంత చిన్నవాళ్లకు తాను ఇవ్వనన్నాడు సుదర్శనం. "పక్క దుకాణంల ఇస్తరు" అని డ్రైవరు గట్టిగా అరిచాడు. సుదర్శనం ఏదో మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. పై అరలో ఉన్న నాకు ఆ మాటలు సరిగా వినబడలేదు. డ్రైవరు మాత్రం స్టూలు దగ్గరికి లాక్కుని, కౌంటరు మీదికి వంగాడు.