కుప్పమ్మ ఓటు

పచ్చి బొప్పాయికాయకు గాటు పెట్టి, కారిన పాలతో పంకజాక్షి ఎడమచేతి చూపుడువేలు రుద్దుకుంటోంది. పొద్దున తిరుపతిలో తన ఓటు తను వేసి వచ్చినప్పుడు పెట్టిన సిరా అది. మధ్యాహ్నానికల్లా దాన్ని మాపుకుని చంద్రగిరికి రమ్మని మొగుడు ధనంజయ ఆజ్ఞ. అక్కడ ఇంకో ఓటు వేయాలి, చచ్చిపోయిన అత్త కుప్పమ్మ పేరుతో.

కాపురం తిరుపతికి మారినా ధనంజయ ఓటూ, వాళ్లమ్మ ఓటూ సొంత ఊరు చంద్రగిరిలోనే ఉండిపోయాయి. కుప్పమ్మ పోయి ఏడాది కావస్తున్నా ఓటర్ల జాబితాలోంచి ఆమె పేరు ఎవరూ తీయించలేదు. ధనంజయ ఆ ఊరి పోలింగ్ బూత్‌లో పార్టీ ఏజెంటు. దొంగ ఓటరు వస్తే పట్టుకోవడమే ఏజెంటు పని. ఆ పని మీద కూర్చున్న పెద్దమనిషే పెళ్లాన్ని దొంగ ఓటుకు పిలిచాడంటే ఇక చెప్పేదేముంది. "మనూర్లో ఎవురూ నోరు తెరవరు మే. కొంగు కప్పుకోని వచ్చి గుద్దిపో. రాకపోతే అట్నే పలమనేరు బస్సెక్కి మీ నాయన దగ్గరికి పో," అన్నాడు, పొద్దున ఆమె కుట్టి ఇచ్చిన చొక్కా గుండీ పెట్టుకుంటూ. పలమనేరు మాట కొత్తదేమీ కాదు. కాఫీ చల్లారితే పలమనేరు, ఆమె పాఠాలు చెప్పే బడి నుంచి వచ్చే బస్సు ఆలస్యమైతే పలమనేరు. పెళ్లయినప్పటి నుంచీ ఆమె ఆ ఇంట్లో సంచి సర్దుకున్న మనిషిలాగే బతుకుతోంది.

కుప్పమ్మ మాత్రం చచ్చిపోయి కూడా ఆ ఇల్లు వదల్లేదు. పక్షవాతంతో మంచాన పడ్డ అత్తను ఎత్తిందీ దించిందీ, గుడ్డలు ఉతికిందీ, ఆ తరువాతే తలదువ్వుకుని బడికి పరుగెత్తిందీ పంకజాక్షే. మంచం విప్పి అటకెక్కించినా తెల్లవారుజామున "మే" అన్న అత్త పిలుపు ఇంకా వినబడుతుంది. ఉలిక్కిపడి లేచి కూర్చుంటే చేతులు వాటంతటవే ముందుకు చాచుకుని ఉంటాయి. ఆ చేతుల్లో అత్త బరువు నిజంగానే తెలుస్తుంది. పక్కనే పడుకున్న ధనంజయకు ఏమీ వినబడదు. తల్లి బతికి పిలిచినప్పుడూ వినబడలేదు.

అత్త ఒళ్లు తుడుస్తూ మరునాడు పిల్లలకు చెప్పాల్సిన సోషల్ పాఠం పైకి వల్లించుకోవడం పంకజాక్షికి అలవాటు. ఒకరోజు ఎన్నికల పాఠం వచ్చింది. దేశమంతటా ఎన్నికలు జరిపించే పెద్ద అధికారి ప్రధాన ఎన్నికల కమిషనరనీ, ఆయన్ను రాష్ట్రపతి నియమిస్తారనీ చెప్పుకుంటూ ఉంటే, కుప్పమ్మ వంకరపోయిన నోటితో అడ్డం వచ్చింది.

"పెట్టినోళ్లకు కోపమొస్తే తీసేస్తారు గదా?"

"అట్ల తీసేసేదానికి లేదత్తా. సుప్రీంకోర్టు జడ్జిని తీసేసేదెంత కష్టమో ఆయప్పనూ అంతే. పార్లమెంటులో రెండు సభలూ ఒప్పుకోవాల."

"యాలంత?"

"భయం లేకుండా పని చేసుకుంటాడని."

"నాకు భయం లేని పొద్దే లేదు మే. మొదట మీ మామ చూపించినదానికి గుద్దినా, ఆనక వీడు చూపించినదానికి గుద్దినా. నాకు ఇష్టమైన గుర్తు వేరే ఉండె," అంది కుప్పమ్మ. ఇంట్లో ఇంకెవరూ లేకపోయినా ఆ గుర్తేదో కోడలి చెవిలోనే చెప్పింది.

చంద్రగిరి బస్సులో పంకజాక్షికి ఆ గుసగుసే వినబడుతూ వచ్చింది. సరే, అత్త పేరుతో అత్త గుర్తుకే గుద్దుతాను అనుకుంది. మొగుడి మాట విన్నట్టూ ఉంటుంది, వాడికి తెలియకుండా ఆ ముసలామె ముచ్చట తీరినట్టూ ఉంటుంది. సిరా మరక పూర్తిగా పోలేదు గానీ పైన పసుపు దట్టంగా పూసింది. ఎన్నాళ్లకో ఆమెకు లోపల సంతోషంగా అనిపించింది.

పోలింగ్ బూత్ పెట్టిన బడి ముందు ఆడవాళ్ల వరుసలో దేవకమ్మ కనబడింది. కుప్పమ్మ శవం మీద పడి ఏడ్చిన దేవకమ్మ. పంకజాక్షి ఎందుకొచ్చిందో తెలిసినట్టు తల తిప్పుకుంది.

లోపల అధికారి పైకి చదివాడు: "కుప్పమ్మ, భర్త మునిరామయ్య." పక్క బెంచీ మీద ధనంజయ తలెత్తకుండానే, "సరిగ్గానే ఉండాది సార్," అన్నాడు. వేలు చూపించమన్నారు.

పంకజాక్షి చెయ్యి చాచబోయింది. తెల్లవారుజామున తెలిసే అత్త బరువు మళ్లీ ఆ చేతిలోకి దిగింది. మామ పట్టుకుని గుద్దించిన అత్త చెయ్యి ఇది, కొడుకు పట్టుకుని గుద్దించిన చెయ్యి. ఇప్పుడు ఇష్టం తీరుస్తానంటూ తానూ పట్టుకుంటోంది. ఏ గుర్తుకు గుద్దినా గుద్దేది కుప్పమ్మ కాదు. ఆ ముచ్చట తీరే కాలం దాటిపోయింది, ఇక ఎవరూ తీర్చలేరు. ఎక్కడో ఢిల్లీలో ఒక మనిషికి భయం లేకుండా ఉండమని చట్టం రాసిపెట్టారు. ఈ బల్ల దగ్గర తన కోసం ఎవరూ ఏదీ రాసిపెట్టలేదు. సాయంత్రానికి పలమనేరు బస్సు ఉంటుందని ఆమెకు తెలుసు.

చెయ్యి వెనక్కి తీసుకుని, తలమీది కొంగు దించింది.

"ఈ పేరున్నామె చచ్చిపోయింది సార్."

అధికారి కలం ఆపి, ఆ సంగతి మీకెలా తెలుసని అడిగాడు.

"కడసారి నీళ్లు పోసింది నేనే. తలకొరివి పెట్టిన కొడుకు మీ పక్కనే కూర్చోనుండాడు, ఆయప్పనే అడగండి."