ఝాన్సీ చెవి డిప్పలు

నేను ఒక జత చెవి డిప్పల్ని. రెండు పసుపుపచ్చ ప్లాస్టిక్ గిన్నెలు, లోపల స్పాంజి, రెంటినీ కలుపుతూ తల మీదుగా వంగే ఉక్కు పట్టీ. అంతే నా ఒళ్ళు. నాలో వైరు లేదు, బ్యాటరీ లేదు, పాటలు రావు. పెద్ద చప్పుడుని చిన్నది చెయ్యడం ఒక్కటే నాకు తెలిసిన పని.

ఏదో ఊళ్ళో అచ్చులోంచి ఊడిపడి, అట్టపెట్టెలో లారీ ఎక్కి, ఒంగోలు అవతల గ్రానైటు రాళ్ళు కోసే ఫ్యాక్టరీకి వచ్చాను. అక్కడ నన్ను ఎల్లమందకి ఇచ్చారు. రాయి కోసే రంపం దగ్గర అతని పని. తనిఖీకి ఎవరన్నా వచ్చిన రోజు నన్ను పెట్టుకునేవాడు, మిగతా రోజులు మేకుకి తగిలించేవాడు. పెట్టుకుంటే మేస్త్రి పిలుపు వినపడదు, వినపడకపోతే తిట్లు. అలా తిట్లకి భయపడి పన్నెండేళ్ళలో చెవులు పాడుచేసుకున్నాడు. నేను పక్కనే వేలాడుతూ చూస్తూ ఉన్నాను. మనుషులు ఇలాంటివి ఎంత మామూలుగా చేస్తారో!

తండ్రికి ఏమీ వినపడదు, కూతురికి అన్నీ ఎక్కువగా వినపడతాయి. కూతురి పేరు ఝాన్సీ. ఆటిజం ఉన్న పిల్ల. పక్కింట్లో మిక్సీ వేస్తే చెవులు మూసుకుని గోడకి తల కొట్టుకునేది. ఒకనాడు ఎల్లమంద నన్ను సంచీలో వేసుకుని ఇంటికి తెచ్చి, బియ్యం బస్తా వెనక ముడుచుకుని కూర్చున్న ఆ పిల్ల తలకి మెల్లిగా పెట్టాడు. కాసేపటికి ఆమె తలెత్తింది.

"మిక్సీ తిరుగుతా ఉంది," అంది వింతగా. అంతవరకూ ఆ చప్పుడు వస్తుంటే ఆమె కళ్ళు తెరిచి ఎరగదు.

అప్పట్నించీ నేను ఝాన్సీ మనిషిని. నన్ను పెట్టుకునే ఇంటరు పాసైంది. రోజూ పేపర్లో వచ్చే వర్షపాతం అంకెలు నోటుబుక్కులో ఎక్కించి, నెలనెలా సగటు కట్టేది. ఆ లెక్కలు చెప్పే చదువు డిగ్రీలో ఉందని తెలిశాక ఇంకో మాట ఎత్తలేదు. "స్టాటిస్టిక్స్‌లో చేరతా" అని తల్లి కోటమ్మకి రోజుకి ముప్ఫైసార్లు చెప్పేది.

ఆటిజం ఉన్న పిల్లలకి పాఠాలు చెప్పే సెలీనా టీచరు ఆ ఎండాకాలమంతా ఝాన్సీని కాలేజీకి తయారుచేసింది. ఆమెతో కలిసి బస్సెక్కింది, దిగింది. సీటు దొరకని రోజు కమ్మీ ఎక్కడ పట్టుకోవాలో చూపించింది. కాలేజీ గంట మోత ఫోన్లో ఎక్కించుకొచ్చి, మొదట మెల్లిగా, పోనుపోను గట్టిగా వినిపించింది. ఖాళీ తరగతిలో కూర్చోబెట్టి లెక్చరరు వేషం కట్టింది.

"ఏయ్, లేచి నిలబడు! ఏంటవి చెవులకి?"

"మీరు సెలీనా టీచరు. లెక్చరరు కాదు," అంది ఝాన్సీ.

టీచరు నవ్వి మళ్ళీ అడిగింది. పదిసార్లకి ఝాన్సీ జేబులోంచి ఒక అట్టముక్క తీసి చూపించడం నేర్చుకుంది. దాని మీద టీచరు చేత్తో రాసిన మాటలు: "నా పేరు ఝాన్సీ. నాకు ఆటిజం ఉంది. చప్పుడు ఎక్కువైతే నాకు మాట రాదు. ఐదు నిమిషాలు ఆగండి."

"ఇది నేర్చుకుంది సరే, మరి ఆ లెక్చరర్లకి ఎవరు నేర్పుతారు టీచరమ్మా?" అని అడిగింది కోటమ్మ.

"డాక్టరు సర్టిఫికెట్టుతో పాటు లెటరు కూడా కాలేజీ ఆఫీసులో ఇచ్చానమ్మా. అన్నీ రాశాను."

కాలేజీలో నాలుగు నెలలు బాగానే గడిచాయి. ఎడంవైపు మొదటి బెంచీ ఝాన్సీది. ఎవరూ పెద్దగా పలకరించలేదు, ఏడిపించనూ లేదు. తర్వాత సెమిస్టరు పరీక్షలొచ్చాయి. రెండో పరీక్షనాడు హాలు మార్చారు. ఆ హాల్లో కాపలా పురుషోత్తం సారుది. వేరే డిపార్టుమెంటు మనిషి, ఝాన్సీని ఎన్నడూ చూడలేదు. చెడ్డవాడు కాదు. ముందురోజు ఆయన హాల్లో ఎవరో కాపీకొట్టి దొరికితే ప్రిన్సిపాలు చేత మాటపడ్డాడు.

"తియ్ అవి. బ్లూటూతా?"

ఝాన్సీ నేర్చుకున్నట్టే చేసింది. జేబులోంచి అట్టముక్క తీసింది.

"ఓహో, స్లిప్పు కూడానా!" అని ఆయన దాన్ని లాక్కున్నాడు. చదివి ఉంటే నాలుగు వాక్యాలు. చదవలేదు. రెండో చేత్తో నన్ను పట్టి గుంజాడు. నా పట్టీలో ఆమె జుట్టు చిక్కుకుని కుచ్చుగా ఊడొచ్చింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి కిటికీ పక్కన జనరేటరు మొదలైంది. ఝాన్సీ అరిచిన అరుపు ఆయన చేతిలోంచి విన్నాను. నుదురు బల్లకేసి కొట్టుకుంది, మళ్ళీ కొట్టుకుంది. జవాబు పత్రం మీద, సగం చేసిన ఐదో లెక్క మీద నెత్తురు పడింది. పట్టుకోబోయిన నలుగురూ ఇంకా గట్టిగా అరిచారు. వరండాలో ఉన్నవాళ్ళు ఫోన్లు పైకెత్తారు.

నన్నూ ఆ అట్టముక్కనీ కవర్లో పెట్టి లక్కముద్ర వేశారు. మర్నాడు ఎల్లమంద ఆఫీసుకొచ్చాడు.

"అందులో ఏం లేదు సార్, ఉత్త స్పాంజి. ఇప్పి చూడండి. అదిస్తే పిల్ల కుదుటపడుద్ది."

"విచారణ జరగాలి," అన్నాడు క్లర్కు.

"ఆఁ?"

"విచారణ!" అని క్లర్కు అరిచాడు. ఎల్లమందకి అదీ అందలేదు. ఇస్తారేమోనని చెయ్యి చాచి అలాగే నిలబడ్డాడు. చివరికి అటెండరు భుజం పట్టుకుని గుమ్మం దాకా తీసుకెళ్ళాడు.

సెలీనా టీచరు ఇచ్చిన లెటరు వారం తర్వాత స్కాలర్‌షిప్పు కాయితాల అడుగున దొరికింది. ప్రిన్సిపాలు చదివి "అయ్యో" అన్నాడు. కాపీ కేసు కొట్టేసి, నన్ను కవర్లోంచి తీశారు. కావాలంటే పరీక్ష మళ్ళీ రాయొచ్చన్నారు. ఝాన్సీ రాలేదు. టీచరు కొత్త జత కొనిచ్చిందట, తలకి ఏది తగిలినా విసిరికొడుతోందట. కోటమ్మ దువ్వెన కూడా పెట్టలేక జుట్టు పొట్టిగా కత్తిరించేసిందట. హాజరు చాలక సీటు పోయింది. నన్ను తీసుకెళ్ళడానికి మళ్ళీ ఎవరూ రాలేదు. స్టాఫ్ రూములో అద్దాల బీరువాలో, పాత రిజిస్టర్ల పక్కన ఉండిపోయాను.

ఈ జూన్లో సెలీనా టీచరు మళ్ళీ వచ్చింది. ఇంకో పిల్ల చేరుతోందట.

"ఈసారి లెటరు ఇవ్వను సార్. ముందు మీకు క్లాసు చెప్తాను," అంది ప్రిన్సిపాలుతో. ఇరవైమంది లెక్చరర్లని స్టాఫ్ రూముకి రమ్మంటే ముగ్గురొచ్చారు. అందులో పురుషోత్తం సారొకడు. చివరి కుర్చీలో కూర్చున్నాడు.

"ఆ అమ్మాయి ఎలా ఉంది మేడం?"

"ఇంట్లోంచి బయటికి రావటం లేదు సార్. అంకెలు రాయటం మానేసింది."

"ఒకసారి వెళ్ళి క్షమించమని అడగనా?"

"వద్దు సార్. మీ గొంతు ఆమెకి గుర్తుంది."

తర్వాత టీచరు సుద్దముక్క తీసుకుని బోర్డు మీద కొత్త పిల్ల పేరు రాసింది. మస్తాన్‌బీ. పురుషోత్తం సారు జేబులోంచి పెన్ను తీసి, ఆ పేరు కాయితం మీద రాసుకున్నాడు.