గంగాధరప్ప మబ్బు చూడబోయాడు

జిల్లా అంతా నీటిచుక్కకు మొహం వాచిపోయిన ఏడాది అది. బోరింగు దగ్గర బిందెల వరసలో ఆడవాళ్లు జుట్లు పట్టుకుంటున్నారు. మా ఇంట్లో మాత్రం నీళ్లు ఆగడమే లేదు. ఈ మాట నేను మా ఆయనతోనే అన్నాను. ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అనకుండా ఉండాల్సిందేమో. కానీ ముప్పై ఏడేళ్ల కాపురంలో నోరు కట్టుకోవడం చేతకానిదాన్ని, ఇప్పుడెక్కడ నేర్చుకుంటాను?

మాది ధర్మవరం. మా ఆయన గంగాధరప్ప పట్టుచీరలు నేస్తాడు. నేను పక్కన రాట్నం పెట్టుకుని కండెలు చుడతాను. ఎనభై అయిదో సంవత్సరం ఎండాకాలంలో ఆయనకు ఉన్నట్టుండి ఒంటికి రావడం ఆగిపోయింది. పొత్తికడుపు ఉబ్బి గిలగిల్లాడుతుంటే అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోయాం. ప్రోస్టేటు అనే గ్రంథి పెరిగి దారి మూసేసిందని చెప్పి ఆపరేషన్ చేశారు. ట్యూబు తీసి ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, "కొన్నాళ్లు ఆపుకోలేవు పెద్దాయనా. దగ్గినా లేచినా కారుతుంది. నెలలు పట్టినా మెల్లగా సర్దుకుంటుంది. నీళ్లు తాగడం మాత్రం మానొద్దు" అన్నాడు. మా ఆయన బుద్ధిగా తల ఊపాడు. ఇంటికొచ్చి మొట్టమొదట నీళ్లు తాగడమే మానేశాడు. తాగకపోతే రాదు కదా అని ఆయన తెలివి. నాలుగు రోజులకు మంట పుట్టి మూలుగుతుంటే నేనే తిట్టి తాగించాను.

మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషి మాటిమాటికీ లేవడమంటే మాటలు కాదు. రెండు చేతుల మీదా బరువు వేసి పైకి రావాలి. ఆ రావడంలోనే సగం పని అయిపోయేది. నా పాత నూలుచీర చింపి, మడతలు పెట్టి ఇచ్చాను. పంచె లోపల కట్టుకునేవాడు. "పెండ్లికూతుర్లకు జరీచీరలు నేస్తావు, నీకు మాత్రం పసిబిడ్డ గుడ్డలు" అన్నాను ఒకరోజు. నవ్వుతాడనుకున్నాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు. అటు తిరిగే, "వీధిలో ఒక్కరికి తెలిసినా నేను తల ఎత్తుకోని బతకలేను నాగలచ్చుమీ. ఎవురికీ సెప్పొద్దే" అన్నాడు. చెప్పనని ఆయన చేతిలో చెయ్యి వేశాను.

చెప్పకపోతే మాత్రం దాగుతుందా? మా వీధి మగవాళ్లు ఒంటికి పోయేది వీధి చివర మొండిగోడ వెనక్కి. దాని అవతల అంతా బీడు. రోజుకు మూడుసార్లు పోయే మనిషి గంటకు మూడుసార్లు పంచె పట్టుకుని పరిగెత్తుతుంటే చూసేవాళ్లు అడగరా? పక్కింటి ఓబులమ్మ అడిగేసింది. ఆమె చెవిలో వేస్తే చాటింపు వేయించినట్టే.

"ఏమప్పా గంగాధరప్పా, ఊరికూరికే యాడికి పోతాండావు?"

"మబ్బు సూసొస్తా" అన్నాడు మా ఆయన ఆగకుండా. నేను రాట్నం దగ్గర కొంగు నోట్లో కుక్కుకున్నాను.

అనంతపురం సీమలో ఇంతకంటే మంచి అబద్ధం వెతికినా దొరకదు. ఆషాఢమాసంలో ఆకాశం కేసి చూడని వాడెవడు? అందరూ నమ్మారు. మరునాడు ఓబులమ్మ, "సూసినావు గదా, పడతాదా మరి?" అంది. ఆమెను వదిలించుకోవడానికి "మాపటికి పడొచ్చులే" అన్నాడు. ఖర్మ చాలక ఆ సాయంత్రం పడింది. గట్టిగా పావుగంట కొట్టింది.

వారం తిరక్కుండా ఇంకోటి. ఎదురింటి రంగన్న వీధి పొడుగునా పట్టు పడుగు దారాలు సాగదీయాలని కర్రలు పాతి, పైన కమ్ముకున్న నల్లమబ్బు చూసి జంకుతున్నాడు. తడిస్తే పట్టంతా పాడు. సరిగ్గా అప్పుడే మా ఆయన గోడవైపు పరుగు. రంగన్న అడ్డం నిలబడి, "అన్నా, పరచమంటావా వద్దంటావా?" అన్నాడు. నిలబడి ఆలోచించే స్థితా అది? "పడదు, పరుసుకో పో!" అని కసిరి దూసుకుపోయాడు. ఆ మబ్బు ఒక్క చినుకు రాల్చకుండా కదిరి దిక్కు తేలిపోయింది.

ఇంక చూడండి వైభోగం! మూడు వీధుల అవతల నుంచి కూడా మనుషులు రావడం మొదలైంది. ఎవరో మబ్బుల అయ్యోరని పేరు పెట్టి బెల్లం అచ్చు తెచ్చిచ్చారు. మా ఆయన కూడా గోడ దగ్గర్నుంచి వచ్చేటప్పుడు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నడవడం నేర్చాడు. "నిజంగానే నాకు తెలుస్తాండాదేమోనే" అన్నాడొకరోజు.

"తెలీకేం? కింద కారినప్పుడంతా పైన గూడా కారతాదని సెప్పు" అన్నాను.

ఈసారి నవ్వాడు. ఆపరేషన్ అయ్యాక అంత నవ్వు నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు చూసి నేను అబద్ధాన్ని సాగనిచ్చాను. తప్పు నాదే.

పుల్లన్న వచ్చింది ఆ తర్వాతి సోమవారం. బత్తలపల్లె దగ్గర పల్లె ఆయనది, వేరుశనగ రైతు. మాకు ముఖపరిచయం కూడా లేదు. గుప్పెట్లో చేని మన్ను పట్టుకుని వచ్చి మా ఆయన ముందు కూర్చున్నాడు. మబ్బుల అయ్యోరు ఏం చెబుతాడోనని ఓబులమ్మ మా గడప మీదే చతికిలబడింది.

"అన్నా, నా తాన రెండు మూటల ఇత్తనం ఉండాది. పోయినేడు పంటంతా ఎండిపోయ. ఇది పోతే నాకు ఇంకో గింజ లేదు. సూడు, మన్నులో తేమ పదును అరాకొరా ఉండాది. రేపు గొర్రు కట్టి ఇత్తితే నాలుగు దినాల్లో వాన రావల్ల. రాకుంటే గింజ మన్నులోనే మాడిపోతాది. నువ్వు సెప్పింది తప్పదంట గదా. వస్తాదా?"

మా ఆయన మొహంలో రక్తం లేదు. "నాకేం తెలుసప్పా? తెల్దు" అన్నాడు.

పుల్లన్న చేతులు జోడించాడు. "పెద్దోళ్లు అట్లే అంటారు. నువ్వు పడదని అనలే, నాకదే సాలు. రేపే ఇత్తుతా."

లేచాడు. మా ఆయన నాకేసి చూశాడు. గడప మీది ఓబులమ్మ కేసి చూశాడు. ఆయన మనసులో ఏం నలుగుతోందో నాకు తెలుసు. పోనీలే, మనకెందుకు, వద్దు అని నేను కళ్లతోనే సైగ చేశాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు నా మొగుడి పరువే కనిపించింది గాని పుల్లన్న గింజలు కనిపించలేదు.

"కూసో పుల్లన్నా" అన్నాడు మా ఆయన. "నేను మబ్బూ సూడలే, గిబ్బూ సూడలే. నాకు ఆపరేషన్ అయినాది. ఒంటికి వస్తే ఆపుకోలేను. గోడ కాడికి పరిగెత్తేది అందుకే. ఒక్కోసారి గోడ దాకా గూడా పోలేను, పంచెలోనే అయిపోతాది. ఇదో, లోపల గుడ్డ కట్టుకోనుండా. సిగ్గుపడి మబ్బని అబద్ధం సెప్పినా. నా మాట నమ్మి గింజలు ఎయ్యొద్దప్పా. నీ సేను, నీ మన్ను, నువ్వే సూసుకో."

ఓబులమ్మ నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. మరుక్షణం లేచి చెంగు దులుపుకుని వెళ్లిపోయింది. ఇంక ఊరంతా తెలిసిపోయినట్టే.

పుల్లన్న తిడతాడేమో అనుకున్నాను. తిట్టినా పడాల్సిందే. కానీ ఆయన తిట్టలేదు. గుప్పెట్లో మన్ను గడప అవతల వదిలేసి, "ఇంకో వాన పడినంకనే ఇత్తుతాలే" అని వచ్చి మా ఆయన పక్కనే కూర్చున్నాడు. నాకేసి ఒకసారి చూశాడు. నేను రాట్నం మీదికి వంగి ఏమీ విననట్టు తిప్పడం మొదలుపెట్టాను.

"అన్నా, ఆ ఆపరేషన్ సేస్తే... దార బాగా వస్తాదా?" అన్నాడు గుసగుసగా.

"ఏమప్పా, నీకేమయింది?"

"రెండేండ్లాయ. గట్టున నిలబడితే నిలబడిందే. సుక్క సుక్క. రేయి అయిదారుసార్లు లేస్తా. ముసలితనం గదా అనుకున్యా. నా పెండ్లాంతో గూడా సెప్పుకోలే." ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "నీ మాదిరి సెప్పుకున్నోడు ఇంతవరకు నాకు ఒక్కడు దొరకలేదన్నా."

రాట్నం దానంతటదే ఆగిపోయింది. మా ఆయన పుల్లన్న భుజం మీద చెయ్యి వేసి, నొప్పి ఎన్నాళ్లుంటుందో, ట్యూబు ఎట్లా ఉంటుందో, గుడ్డ ఎన్ని మడతలు పెట్టుకోవాలో పూసగుచ్చినట్టు చెప్పాడు. మూడు నెలలు నా దగ్గర కూడా గోడవైపు తిరిగి పడుకున్న మనిషి! నాకు ఏడుపొచ్చింది. ఇట్లాంటి వాణ్నా నేను వద్దని సైగ చేసి ఆపబోయింది అనిపించింది.

"పూర్తిగా ఆగిపోయేదాకా ఉండొద్దు, నా మాదిరి సస్తావు" అన్నాడు చివరికి. "రేపే అనంతపురం పోదాం. నేనూ వస్తా."

"బస్సులోనా? అంత దూరం నువ్వు కూసోగలవా?" అన్నాను నేను, విననట్టు ఉన్న సంగతి మరిచిపోయి.

"ఎక్కేటప్పుడే డ్రైవరుకు సెప్తా" అన్నాడు మా ఆయన. "ఇద్దరు ముసలోళ్లం ఉండాం, దోవలో రెండు మూడుసార్లు ఆపల్లని. గట్టిగానే సెప్తాలే, ఎనక సీట్లో వాళ్లకు గూడా ఎవురికన్నా అవసరముంటాదేమో."